జీడికొమ్మకు కట్టిన మూట

మా మరిది పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుందనగా నా భర్త అస్థికలు సింగపూరు నుంచి వచ్చాయి.

ఆయన సరుకుల ఓడలో గుమాస్తా. దారిలో జబ్బు చేస్తే సింగపూరు ఆసుపత్రిలో దించేసి ఓడ సాగిపోయింది. ఆ ఓడలోనే పనిచేసి తిరిగొచ్చిన ఒకాయన విశాఖపట్నం రేవులో మా మరిదికి కనబడి, దించేసరికే ప్రాణం పోయిందని చెప్పాడు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో చావు ఖాయమైపోయింది. కంపెనీకి రాద్దాం, కాగితం రానివ్వండి అని నేను ఎంత మొత్తుకున్నా మా అత్త వినలేదు. శవం లేని చావుకి ఒక పద్ధతి ఉంది. దర్భలతో మనిషి బొమ్మ కట్టి, పాడె మీద పెట్టి, శ్మశానానికి మోసుకెళ్లి కాలుస్తారు. అలాగే కాల్చారు. మరిది గుండు చేయించుకుని కొరివి పెట్టాడు. పదో రోజున నా గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపారు. ఏడాది పొడుగునా నెలనెలా పెట్టవలసినవన్నీ పన్నెండో రోజునే కలిపి ముగించేశారు. మరిదికి అప్పటికే సంబంధం కుదిరింది. ఇంట్లో శుభకార్యానికి అడ్డు ఉండకూడదు.

మూడు నెలల తరువాత నా పేర ఉత్తరం వచ్చింది. బొబ్బిలి వైపు నుంచి వెళ్లి సింగపూరు రేవులో పనిచేస్తున్న ఒకాయన రాశాడు. నా భర్తను తమ తెలుగువాళ్లే దహనం చేశారనీ, అస్థికలు తాను తెస్తున్నాననీ, చీపురుపల్లి స్టేషనుకి రమ్మనీ.

పాపని ఎత్తుకుని వెళ్లాను. దానికి మూడేళ్లు. ఆ ఇంట్లో ఎవరికీ వదిలి వెళ్లే ధైర్యం నాకు లేదు. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా పేజీకి రెండుసార్లు లేచి దాని నుదురు తాకి చూస్తున్నాను.

ఉత్తరం రాసినాయన రైలు దిగాడు. తెల్లగుడ్డలో కుట్టిన డబ్బా మెడలో వేలాడుతోంది. ఓడలో ఉన్నన్నాళ్లూ దాన్ని కొక్కేనికి తగిలించాడట, నేల తాకనివ్వలేదట. బొబ్బిలికి విజయనగరంలోనే బండి మారాలి. కానీ అది పట్టుకుని సొంత ఊళ్లో అడుగు పెట్టకూడదని ఇంత దూరం వచ్చాడు. మూట నా చేతుల్లో పెట్టి, ఆసుపత్రి కాగితం కూడా ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడే చదివాను. చనిపోయిన తేదీ దగ్గర ఆగి మళ్లీ చదివాను.

మేము బొమ్మని కాల్చాక ఆయన ముప్పై ఎనిమిది రోజులు బతికే ఉన్నారు.

మూట తెచ్చినాయన్ని అడిగాను. "మాట పడిపోనాదమ్మా. ఎవులో, ఏ ఊరో ఆసుపత్రోలకి తెలీలేదు. తెలుగోడున్నాడంటే నాను సూడ్డానికెల్లినాను. ఆకరి వారం ఒకటీ రెండూ మాటలొచ్చినాయి. ఊరూ, నీ పేరూ సెప్పినాడు. పాపకి మాటలొచ్చినాయా అని అడిగినాడు," అన్నాడు.

ఊళ్లోకి అస్థికలు తేకూడదు. పొలిమేరలో మా జీడితోట ఉంది. అత్తా మరిదీ అక్కడికే వచ్చారు. మరిది తాడు తెచ్చాడు, మూటని ఒక కొమ్మకి కట్టాడు. సముద్రంలో ఎప్పుడు కలుపుతారని అడిగాను.

"కర్మయిపోనోడికి మల్లీ కర్మేటి? పెల్లయినాక సూద్దుం. అందాకా ఆ కొమ్మకే ఉంటాది," అంది అత్త.

ఇప్పుడు కలిపితే మైల కొత్తగా మొదలవుతుంది. పది రోజుల మైలలో పెళ్లి ముహూర్తం ఉంది. అది నాకూ తెలుసు. కాగితం తీసి తేదీ చదివి వినిపించాను, ముప్పై ఎనిమిది రోజుల లెక్కా చెప్పాను. మరిది నేల చూశాడు. అత్త నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మొగుడు బతికుండగా బొట్టు సెరిపీసుకున్న ముండవి నువ్వు. అందుకే పోనాడు నా కొడుకు."

గాజులు పగలగొట్టిన రోజు నా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నది ఆవిడే. తోటలో ఆ మాట అన్నప్పటి నుంచీ ఆవిడ వడ్డించిన అన్నం నేను తినలేదు. నేనూ పాపా వేరే వండుకుంటున్నాం.

రెండో రోజు సాయంత్రం తోటకి వెళ్లాను. జీడిచెట్ల నిండా ఎర్రచీమలు. తాడు వెంబడి బారులు తీరి మూట మీదికి దిగుతున్నాయి. కొంగుతో దులిపాను. చేతులంతా కుట్టాయి. పాప దూరంగా నిలబడి ఏడ్చింది. ఇంకో వారం ఇలా వదిలేస్తే నన్ను నేను మనిషిననుకోలేను.

ఇంటికి వచ్చి మరిదితో చెప్పాను. రేపు నాతో సముద్రానికి రావాలి, నీ చేత్తో కలపాలి. రాకపోతే పెళ్లికూతురి ఇంటికి వెళ్లి ఈ కాగితం చదువుతాను, బతికున్నవాడికి కర్మ చేశారని వాళ్లకీ తెలుస్తుంది.

"సదువుకున్నావని బెదిరిస్తన్నావా వదినా?"

"అవును."

"మల్లీ గుండు సేయించుకోమంటావేటి? బోడిగుండుతో పీటల మీద కూసోమంటావా?"

నీ జుట్టు నాకక్కర్లేదన్నాను. కొడుకు లేని మనిషికి తమ్ముడి చెయ్యి కావాలి, అంతే.

మర్నాడు అత్తకి చెప్పి అతను బయలుదేరాడు. ఆవిడ కాదనలేదు, కాగితానికి భయపడింది. మైల సంగతి పెళ్లయ్యేదాకా ఊళ్లో ఎవరికీ తెలియనివ్వొద్దంది. విజయనగరంలో బస్సు మారి, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. మూట నా భుజానికే ఉంది, పాప చంకలో. మరిది పది బారల వెనక నడిచాడు. సరుగుడు తోట దాటి ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయాడు.

"నాను ముట్టుకోను. ముడితే మైల. నువ్వే కలిపీ, ఎవులడుగుతారు?"

వాదించలేదు. దారి పొడుగునా అతని మొహంలో ఆ మాట కనిపిస్తూనే ఉంది.

నీళ్లలోకి దిగబోతుంటే చేపలు ఎండబెడుతున్న ఒకావిడ కేకేసి ఆపింది. సముద్రం పోటు మీదుందట, ఇప్పుడు వదిలితే మళ్లీ నా కాళ్ల దగ్గరికే వస్తుందట, నీరు వెనక్కి తీసే పాటు దాకా కూర్చోమంది. తన పక్కనే గోనె పరిచింది. కొడుకులు లేరా అని అడిగింది. లేరన్నాను. సరుగుడు చెట్ల కింద నిలబడ్డ మనిషి ఎవరని అడిగింది. పోయినాయన తమ్ముడన్నాను. ఆవిడ అటు చూసి ఇసుకలో ఉమ్మేసి మళ్లీ చేపలు తిరగేసుకుంది.

నీరు వెనక్కి లాగడం మొదలయ్యాక, కుట్లు పళ్లతో తెంపి డబ్బా తెరిచాను. బూడిదలో చిన్న చిన్న ఎముకలు. పాప చెయ్యి పెట్టబోయింది. రెండుసార్లు లాగేశాను. పసిపిల్లని ఏదైనా పట్టుకుంటుందేమోనని భయం. మూడోసారి ఊరుకున్నాను. దాని గుప్పెడు అది వదిలింది, మిగతాది నేను వదిలాను. పాటు ఒక్క నిమిషంలో తీసుకుపోయింది.

ఊరు చేరి నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టలతో పెరట్లోకి వచ్చేసరికి మరిది లోపల తల్లితో చెబుతున్నాడు.

"కలిపీసినానమ్మా. నా సేత్తోనే కలిపీసినాను."

అత్త ఏడ్చింది. బొమ్మని కాల్చిన రోజు కూడా అలా ఏడవలేదు. కొడుకు పేరు పెట్టి పిలుచుకుంటూ గోడకి తల ఆనించి ఏడ్చింది.

గుమ్మం దగ్గర నిలబడి ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చాను. జాలితో కాదు. ఆడదీ పసిపిల్లా కలిపారంటే అత్త ఆ కలపడం చెల్లదంటుంది. ఆయన ఇంకా ఎక్కడో వేలాడుతూనే ఉన్నాడని ఊరంతా చెబుతుంది. ఆవిడ మనసులో కూడా ఆయన సముద్రం చేరాలి. దానికి ఆ అబద్ధం కావలసి వచ్చింది.

ముహూర్తానికి పెళ్లి జరిగింది. విధవ మొహం ఎదురు రాకూడదని నన్ను వెనకగదిలో ఉంచారు. పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని, తాళి కట్టేటప్పుడు వాయించే మేళం అక్కడి నుంచే విన్నాను.