కింద దమ్ము లేని బండి

చిన్నప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడికి అంతకన్నా పెద్ద రోగం లేదు. గొర్రె మేసినంతసేపు నిలబడాలి, అది కదిలితే కదలాలి, అది పడుకుంటే కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ ఉండాలి. మా బాపు అట్లా పొద్దంతా ఉండగలడు. నేను గడియ తిరక్కముందే చెట్టెక్కేవాణ్ణి, తొండల వెంట పడేవాణ్ణి, మంద ఎవరి జొన్నచేలోనో పడితే తన్నులు తినేవాణ్ణి. "నీ కాళ్ళల్ల ఏం పురుగు తొలుస్తున్నదిరా?" అని అవ్వ తిట్టేది. పదిహేనో ఏట ఇల్లు విడిచి కొత్తకోటకు వచ్చి, కర్నూలు రోడ్డు మీద ఒక మోటరు షెడ్డులో చేరాను.

షెడ్డు ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. లారీ వచ్చినా, బావి మీది నూనె ఇంజను వచ్చినా ముందు చెవి పెట్టి వినేవాడు. ఆ తర్వాతే పానా ముట్టేవాడు. వినడానికి నాకు ఓపికేదీ? విప్పడమే నాకిష్టం. ఏడేళ్ళు గడిచేసరికి, అంటే అరవైల నడుమకు, ఏ ఇంజనైనా విప్పి బిగించడం వచ్చేసింది. ఇక అంతా వచ్చేసినట్టే అనుకున్నాను.

గొడ్ల దవాఖాన కాంపౌండరు సారు దగ్గర ఒక టూ-స్ట్రోక్ మోటరుసైకిలు ఉండేది. పెట్రోలులో నూనె కలిపి పోస్తే నీలిపొగ వదులుతూ తిరిగేది. దాని మీదే ఆయన ఊరూరికీ పోయి ఎడ్లకూ గొర్రెలకూ సూదులు వేసేవాడు. ఆ చుట్టుపక్కల అటువంటి బండి ఇంకొకటి లేదు. ఉస్తాద్ ఏదో పెళ్ళికని జడ్చర్ల పోయిన వారంలో సారు షెడ్డుకు వచ్చాడు.

"లారోళ్ళు గూడ నన్ను దాటిపోతున్నరయ్యా. జర ఉరికేటట్టు చేసియ్యి."

ఇంకేం కావాలి నాకు! ఉస్తాద్ వచ్చేదాకా ఆగుదామని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. టూ-స్ట్రోక్ ఇంజనులో వాల్వులుండవు. సిలిండరు గోడకున్న కన్నాలే దానికి తలుపులు. పిస్టను పైకీ కిందికీ ఆడుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. పొగ బయటికి పోయే కన్నం పై అంచును ఆకురాయి పట్టి బియ్యపుగింజ మందం అరగదీశాను. కన్నం ముందుగా తెరుచుకుంటే పొగ తొందరగా పోతుంది, ఇంజను జోరెత్తుతుంది. సాయంత్రం రోడ్డు మీద తోలితే, అబ్బ, ఏం పరుగు! కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సారు నా భుజం తట్టి "నువ్వే అసలు ఉస్తాద్‌వి" అన్నాడు. రెండు రోజులు నేను నేల మీద నడవలేదు.

ఉస్తాద్ తిరిగొచ్చాక గొప్పగా చెప్పాను. ఆయన సారు బండి తెప్పించి, పొగగొట్టం విప్పి, కన్నంలోకి వేలు పోనిచ్చి అంచు తడిమాడు.

"అరే, గిదేం పని? పైన ఉరుకుడు పెంచినవ్, కింద దమ్ము తీసేసినవ్."

"ఉరకాలని సారే అడిగిండు, చేసిన."

"గుట్ట మీదికి మెల్లగ ఎక్కేటప్పుడు బండిని గుంజేది కింద దమ్మే. సారు లారీలతోని పందెం వెయ్యనీకె కొన్నడా బండి, గుట్టల మీది పల్లెలకు పోనీకె కొన్నడా? అరగదీసిన ఇనుము మళ్ళ మొలుస్తదా? పోయి చెప్పు సారుకు, ఎత్తు ఎక్కేకాడ పైలమని."

చెప్తానన్నాను. చెప్పలేదు. దేనికీ ఆగలేని నేను ఆ ఒక్కదానికి మాత్రం రేపు, ఎల్లుండి అంటూ ఆగాను. "అసలు ఉస్తాద్‌వి" అన్న నోటితోనే సారు చెడగొట్టావంటాడేమోనని సిగ్గు.

వానలు పడ్డాయి. కింద చేలన్నీ పైరు మీద ఉంటాయి కనుక ఆ కాలంలో మా వాళ్ళు మందను గుట్ట మీదికి తోలి, అక్కడే గుడిసె వేసుకుంటారు. బాపు కూడా మందతో పైనే ఉన్నాడు. కొత్త గడ్డి మొలిచిన వారానికి మందలో చిటుకు రోగం పడింది. పొద్దున బాగా మేసిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్ళు కొట్టుకుని చచ్చిపోతుంది; చిటికె వేసినంతలో పోతుంది కనుక ఆ పేరు. గొర్రె పడిపోక ముందే సూది వేయాలి, పడిపోయాక మందు లేదు. మందను కిందికి దించుదామంటే కింది ఊళ్ళవాళ్ళు రోగం తెస్తారని కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు.

బాపు కబురు పెడితే సారు సూది మందు సీసాలను మంచుగడ్డలతో ఫ్లాస్కులో పెట్టుకుని బయలుదేరాడు. నేనప్పుడు షెడ్డులో లారీ కింద ఉన్నాను. పొద్దు వాలేవేళకు ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. అందులో మోటరుసైకిలు, దాని పక్కన మోకాలు పట్టుకుని సారు. గుట్ట సగం ఎక్కాక రాళ్ళ మలుపులో బండి గుంజలేకపోయింది. రేస్ ఇస్తే చక్రం జారింది, తగ్గిస్తే ఇంజను ఆగింది. వెనక్కి దొర్లి మనిషి మీదే పడింది. ఫ్లాస్కు పగిలింది, మందు సీసాలన్నీ పగిలాయి.

"బండిది తప్పు లేదురా," అన్నాడు సారు నాతో. "నాకే తోలనీకె రాలే. పాపం, మీ బాపు తొవ్వ చూస్తుండొచ్చు."

ఉస్తాద్ నన్నే చూస్తున్నాడు. అప్పుడు చెప్పాను, సారు ముందే, ఉన్నదున్నట్టు. సారు తిడితే బాగుండేది. తిట్టలేదు. మళ్ళీ మందు రావాలంటే పాలమూరు నుంచి వారం పడుతుందని, ఈ మోకాలితో గుట్ట నడిచి ఎక్కలేనని మాత్రం అన్నాడు.

"చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం ఫాయిదా?" అన్నాడు ఉస్తాద్, సారు పోయాక. నేను ఏడుపు మొహం పెట్టేసరికి ఆయనే మెత్తబడ్డాడు. "వారం ఉన్నది గద. కన్నం పైకి పోయింది. కన్నాన్ని దింపలేం. సిలిండరునే దింపుదాం."

సిలిండరు అడుగు కోయించాలి. ఇనుము కోసే లేతు మిషను జడ్చర్లలో ఉంది. సిలిండరును ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. డ్రైవరు ప్రతి ఊళ్ళోనూ దిగి చాయ్ తాగుతుంటే వాణ్ణి మెడ పట్టి సీట్లో కూర్చోబెట్టాలనిపించింది. కోయించి తెచ్చి బిగిస్తే పిస్టను పైన సిలిండరు తలకు తగిలి టకటకలాడింది. విప్పాను. తలకింద రాగి ప్యాకింగు ఒకటికి రెండు వేశాం. టకటక పోయింది, దమ్ము సగమే వచ్చింది. పొగగొట్టాన్ని జానెడు పొడుగు చేస్తే ఇంజను దగ్గింది, వేలెడు కోస్తే సర్దుకుంది. పాత సామాన్లలో వెతికి, వెనక చక్రానికి ఎక్కువ పళ్ళున్న చైను చక్రం రంధ్రాలు కలిపి బిగించాం. ఇక పరుగు పోయింది. పోనీ, దాని పరుగు తగలబడ!

షెడ్డు వెనక లారీలను ఎక్కించే మట్టి వాలు ఉండేది. ఉస్తాద్ వెనక కూర్చుంటే నేను దాని మీదికి తోలాలి.

"రేస్ ఇయ్యకు! ఇయ్యకుంట ఎక్కాలె."

నా మణికట్టు నా మాట వినేది కాదు. దానంతటదే తిరిగేది. పది సార్లు, ఇరవై సార్లు. "బండికి వచ్చింది దమ్ము, నీకే రాలే" అని ఉస్తాద్ నెత్తి మీద ఒకటి మొట్టేవాడు. మా ఊరి నుంచి పాలు తెచ్చే ముసలాయన రోజూ షెడ్డు ముందు ఆగి, "ఇయ్యాల గూడ గొర్లు పడ్డయట బిడ్డా" అని పోయేవాడు. ఎన్ని అంటే తెలియదనేవాడు. ఆ వారం నేను తిన్న తిండి వంటికి పట్టలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

ఎనిమిదో రోజు పొద్దున బస్సులో, ఊకతో కప్పిన మంచుగడ్డతో సహా మందు వచ్చింది. సారు కొత్త ఫ్లాస్కును ఒళ్ళో పట్టుకుని నా వెనక కూర్చున్నాడు. వాగు ఇసుక దాటాం. గుట్ట మొదలైంది. మొదటి గేరులో, మనిషి నడకంత మెల్లగా. రాళ్ళ మలుపు దగ్గర గాజుపెంకులు ఇంకా మెరుస్తున్నాయి. ముందు చక్రం రాయికి కొట్టుకుంది, ఇంజను గొంతు కిందికి దిగింది, నా ప్రాణం పైకొచ్చింది. ఇప్పుడు తిప్పు, ఇప్పుడు తిప్పు అంటోంది చెయ్యి. పళ్ళు బిగపట్టి తిప్పకుండా ఉన్నాను. బండి తల వంచుకుని లాగే ఎద్దులా గుడుగుడుమంటూ ఆ రాయి మీదికీ, దాని మీదనుంచి పైకీ ఎక్కింది. వెనక సారు "శభాష్" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బాపు దొడ్డి ముందు నిలబడి ఉన్నాడు. వారంలో మనిషి సగమయ్యాడు. నన్ను చూసి "తిన్నవారా?" అన్నాడు, అంతే. పొద్దు నెత్తికెక్కి మళ్ళీ వాలేదాకా నేను ఒక్కో గొర్రెను పట్టి ఇవ్వడం, సారు సూది వేయడం. బతికి ఉన్నవాటికి మందు అందింది. చివరికి సారు నోటుపుస్తకం తీశాడు.

"ఎన్ని పోయినయి?"

"మందను ఎంచగూడదు సారూ," అన్నాడు బాపు. "ఎంచితే తరుగుతది."

అది మా వాళ్ళ పద్ధతి. ఉన్నవాటినీ ఎంచరు, పోయినవాటినీ ఎంచరు. సారు ఏదో ఉజ్జాయింపుగా రాసుకుని, మోకాలు చాపుకోవడానికి గుడిసె నీడకు పోయాడు. మేమిద్దరమే మిగిలాం.

"బాపూ, ఆ దినం సారు పడ్డది నా వల్లనే," అన్నాను. "ఉరకాలని బండిని చెడగొట్టిన. ఎత్తు ఎక్కదని ఎరికై గూడ చెప్పలే."

బాపు కర్ర మీద నుంచి గడ్డం ఎత్తాడు.

"ఎరికై చెప్పలేదా?"

"చెప్పలే."

నేను ఆగలేకపోయాను. ఎంత తప్పు చేశానో తెలియకుండా ఆ గుట్ట దిగలేననిపించింది. "ఆ దినం సంది ఎన్ని పోయినయి బాపూ?" అని అడిగేశాను.

"ఎంచలేదంటి గద," అన్నాడు. మళ్ళీ తనే మొదలుపెట్టాడు. "బొల్లి మొకంది పోయింది. దాని పిల్ల, పాలు తాగేది. ఎడమ చెవు చినిగినది. నడుం మీద తెల్ల మచ్చది, సూడిది. వాగుల పడితె నేను దునికి తీసుకొచ్చిన కుంటిది..."

ఒక్కొక్క దాని మొహం ఆయన కళ్ళ ముందు ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని వేళ్ళు మడుస్తూ వచ్చాను. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. బాపు ఇంకా చెప్తూనే ఉన్నాడు.