ఆరు టైర్ల బండిలో మా కాపురం

మొన్న ఆదివారం పొద్దున్నే కడియంలో మా నర్సరీ ముందు ఒక వింత బండి వచ్చి ఆగింది. ముందు నుంచి చూస్తే మామూలు ట్రక్కే గానీ, వెనక మాత్రం తెల్లటి గది ఒకటి ఎత్తి కూర్చోబెట్టినట్టుంది, దానికో తలుపు, కిటికీకి పూల తెర కూడానూ. బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలే, ఆలుమగలిద్దరూ ఇల్లు బండిలో పెట్టుకుని దేశం చూడ్డానికి బయల్దేరారట. గులాబీ మొక్కలు బేరమాడి తీసుకున్నాక ఆ అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి ఎక్కించి, గ్యాసు పొయ్యి, మడత మంచం, గిన్నెలు కడుక్కునే తొట్టి అన్నీ చూపించింది. "మీకిలాంటివి కొత్తగా ఉంటాయి కదండీ ఆంటీ" అంది. అవునమ్మా అన్నాను. కిందికి దిగాక నడుం పట్టుకుని వంగి వెనక చక్రాలు చూశాను. ఒక్కో పక్కన రెండేసి టైర్లు. నా కాపురం మొదలైంది అలాంటి బండిలోనే అంటే ఆ పిల్ల నవ్వుకుంటుందేమోనని చెప్పలేదు గానీ, ఆ రోజంతా పనిలో నా మనసు నిలవలేదు.

మన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మారేడుమిల్లి దాటితే రోడ్డు అన్నది పేరుకే. మా వారికి పాతదొక ఆరు టైర్ల బండి ఉండేది. వానాకాలం మొదలవగానే జీడిమామిడి అంటు మొక్కలు ఎక్కించుకుని కొండల మీది గూడేలకి తోలేవారు. మొక్కలు దింపేసి వచ్చేస్తే సరిపోదు, గోతులు తవ్వి నాటడం అయ్యేదాకా అక్కడే ఉండాలి. ఉండడానికి చోటు లేదు, బయటి తిండి ఆయన కడుపుకి పడదు. అందుకని రాజమండ్రిలో వడ్రంగి చేత బండి వెనక భాగంలో సగానికి చెక్కలతో గది కట్టించి, పైన రేకు వేయించి, వండిపెట్టడానికి నన్ను తీసుకెళ్లారు. ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, పక్కకి చిన్న కిటికీ, అంతే మా ఇల్లు. కొత్త పెళ్లికూతుర్ని, అంతకంటే ఏం కావాలనుకున్నాను.

తీరా చూస్తే ఆయన పక్కన కూర్చునే యోగం నాకు లేకపోయింది. ఆ గతుకులకి మొక్కలు ఒరిగిపోకుండా ఎవరో ఒకరు వెనక ఉండి చూసుకోవాలి కదా, ఆ పని నాదైంది. ఆయన ముందు, నేను వెనక, మధ్యలో చెక్క గోడ. ఇంజను మోతకి అరిచినా వినపడేది కాదు, అందుకని బస్సులో కండక్టరు గంటలాగా, ఆయన సీటు దగ్గర ఒక గంట పెట్టి దాని తాడు వెనక్కి కట్టారు. ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పర్వాలేదు పొమ్మని. బండి ఆగినప్పుడల్లా నేను దిగి ముందు చక్రం కింద రాయి పెట్టాలి, ఎందుకంటే హ్యాండ్ బ్రేకు అంతంత మాత్రం. తరవాత వెనక జోడు టైర్ల మధ్య ఏమైనా రాళ్లు ఇరుక్కున్నాయేమో చూసి గునపంతో ఊడబొడవాలి, లేకపోతే టైరు కోసుకుపోతుంది. పగలంతా ఆ కిటికీలోంచి ఎన్నో చూసేదాన్ని, సాయంత్రం ఆయనతో చెప్పాలని ఒక్కొక్కటీ దాచుకునేదాన్ని. తీరా సాయంత్రమయ్యేసరికి ఆయన చెవులు ఇంకా హోరెత్తుతూ, చేతులు ఇంకా అదురుతూ, పెట్టింది తిని పడుకునేవారు. నేను దాచుకున్నవన్నీ అప్పటికి చెప్పుకోదగ్గవిగా అనిపించేవి కావు. పుట్టింట్లో పదిమందిలో పెరిగినదాన్ని, మొగుడితో ఒకే బండిలో తిరుగుతూ ఇంత ఒంటరితనం ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు.

అలా ఒక ఏడాది, అన్నిటికంటే పైనున్న గూడెంలో మొక్కలు దింపిన మర్నాడు ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయేలా వణుకు. ఇక్కడ ఉంటే తగ్గేది కాదు, రంపచోడవరం ఆసుపత్రికి దింపమని గూడెం పెద్ద చెప్పాడు. ఆయన లేచి స్టీరింగు ముందు కూర్చున్నారు గానీ క్లచ్చి మీద కాలు నిలవలేదు. నన్ను చూశారు. నాకు ఆయన నేర్పిన డ్రైవింగల్లా కాలవగట్టు మీద నాలుగు సాయంత్రాలు సరదాగా తోలించిందే.

"ముందు చక్రం వెళ్లింది కదాని వెనక చక్రం వెళ్లిపోతుందనుకోకు. మన బండికి వెనక వెడల్పెక్కువ" అన్నారు. ఆగి, ఊపిరి తీసుకుని, "గేరులోనే దించు. బ్రేకుని నమ్ముకోకు" అన్నారు.

ఆయన్ని వెనక మంచం మీద పడుకోబెట్టి, తాడు చేతికిచ్చి, మీరు మధ్యమధ్యలో రెండుసార్లు లాగుతూ ఉండండి, నాకు ధైర్యంగా ఉంటుందని చెప్పి బండి తీశాను. ఖాళీ బండి కదా, ప్రతి రాయికీ ఎగిరెగిరి పడేది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కనుచూపు మేర మనిషి లేడు. ఆయన లాగిన గంట వినపడితే ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ అది వినపడేదాకా బిగబట్టుకోవడం. ఒక మలుపులో వానకి నానిన అంచు విరిగి బండి ఎడమ పక్కకి ఒరిగింది. అద్దంలో చూస్తే వెనక జోడులో బయటి టైరు గాల్లో తిరుగుతోంది, లోపలిది మాత్రం రాతిని పట్టుకుని ఉంది. ఏ దేవుణ్ణి తలచుకున్నానో గుర్తులేదు, ఒక్క కుదుపుతో పైకొచ్చేసింది.

ఆ తరవాత గంట మోగలేదు.

ఆపి చూద్దామంటే ఏటవాలు. నేను దిగితే బ్రేకు తొక్కిపట్టేదెవరు, రాయి పెట్టేలోపు బండి ఆగుతుందా? దిగువన వాగు దగ్గర నేల చదునుగా ఉంటుందని తెలుసు, అక్కడిదాకా వెళ్లక తప్పదు. నా వెనక, చెక్క గోడకి అవతల, మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా ఆ దారంతా దించాను. ఏడవడానికి కూడా వీలులేదు, కళ్లు మసకబారితే రోడ్డు కనపడదు.

వాగు దగ్గర ఆపి పరుగెత్తుకెళ్లి తలుపు తీస్తే, ఆయన మంచం మీంచి కింద పడి, గోడకి ఆనుకుని కూర్చున్నారు. చేతిలో తెగిన తాడు ముక్క. వేళ్ల కణుపులు చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నాయి. నాకు వినపడుతుందేమోనని అంతసేపూ గోడ మీద కొడుతూనే ఉన్నారట.

"ఎందుకాపావే, పోనీ" అన్నారు.

ఆసుపత్రిలో వారం పైన ఉన్నాం. జ్వరం తగ్గిన రోజున, కిటికీ వైపు చూస్తూ, నాతో కాదన్నట్టుగా అన్నారు. "నువ్వు వెనక కూర్చున్నన్నాళ్లూ ముందు నాకూ అలాగే ఉండేది. ఉన్నావో, పడిపోయావో తెలిసేది కాదు." అంతవరకూ ఆ ఒంటరితనం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఇల్లు చేరగానే ఆయన చేసిన మొదటి పని, వడ్రంగిని పిలిపించి ఆ గోడకి కిటికీ కోయించడం. మోతకి మాటలు అప్పుడూ వినపడేవి కావు గానీ, ఆయన మెడ తిప్పితే నేను కనపడేదాన్ని.

బండి అమ్మేశాం, నర్సరీ పెట్టుకున్నాం, పిల్లలు స్థిరపడ్డారు, ఆయన వెళ్లిపోయి కొన్నేళ్లయింది. పోయిన శీతాకాలం మా మరిది కొడుకు కారులో ఆ దారిన తీసుకెళ్లాడు. తారు రోడ్డు, అంచుల వెంట కట్టిన గోడలు, వాగు మీద వంతెన. దారి పొడుగునా వాడి భార్య ఫోను చేస్తూనే ఉంది, వాడు ఏ మలుపు దగ్గరున్నాడో చెబుతూనే ఉన్నాడు. మంచి రోజులే వచ్చాయి, కాదనను. ఆ రోజు బండి ఒరిగిన చోటు చూపించమని వాడు అడిగితే, ప్రతి మలుపు దగ్గరా నెమ్మదిగా పోనిమ్మన్నాను. కొండని తొలిచి వెడల్పు చేశారు కదా, ఏదీ పోల్చుకోలేకపోయాను. ఇదా, అదా అని అడగడానికి, ఆ రోజు అక్కడున్నది మేమిద్దరమే.