బాగున్నానన్న పాపానికి

అమెరికాలోని డులూత్ ఊళ్లో ఎవరినైనా ఎలా ఉన్నావని అడగండి. ప్రాణం మీదికొచ్చినా సరే, "పర్లేదు, బానే ఉన్నా" అంటారు. కష్టం చెప్పుకోవడమంటే ఇక్కడివాళ్లకి చచ్చేంత సిగ్గు. వెర్నా లిండ్‌క్విస్ట్ కొంప ముంచింది ఆ పాడు మర్యాదే.

వెర్నా స్కూలు బస్సు నడిపేది. ఒక చలికాలం పొద్దున కొండదారిలో బస్సు మంచుమీద జారి, దిగువనున్న సరస్సు వైపు అడ్డం తిరిగి ఆగింది. పిల్లల ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదు. వెర్నా మాత్రం మళ్లీ మనిషి కాలేదు. తాళంచెవి పట్టుకుంటే చేతులు వణుకుతాయి, గుమ్మం దాటితే ఊపిరాడదు. ఆందోళన జబ్బు, పనికి వెళ్లే స్థితిలో లేదు అని డాక్టరమ్మ రాసిచ్చింది. అలాంటివాళ్లకి నెలనెలా జీతంలో కొంత ఇచ్చే బీమా ఉండబట్టి ఇల్లు గడిచింది.

బీమా కంపెనీ నుంచి డారెల్ అనే అతను అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు.

"ఎలా ఉన్నారు మేడమ్?"

"పర్లేదండీ, బానే ఉన్నా. మీరెలా ఉన్నారు?" అనేది వెర్నా, వణికే చేతిని తొడ కింద అదిమిపెట్టుకుని.

ఆ మహానుభావుడు ప్రతిసారీ అదే రాసుకున్నాడు. బాగున్నానని ఆమే అంటోంది కదా అని చివరికి డబ్బు ఆపేశారు. పలకరింపుకీ వాంగ్మూలానికీ తేడా తెలియదా వీళ్లకి!

ఇక కంపెనీకి పెట్టుకున్న అప్పీలొక్కటే మిగిలింది. అదీ ఫోన్లోనే. అది కూడా పోతే ఇల్లు అమ్ముకోవాల్సిందే.

"ఈసారైనా నోరు తెరిచి ఏడు," అన్నాడు మొగుడు ఆరిన్. "ఏం, నామోషీనా?"

"చెప్తాలే."

"ఏదీ, నాతో అను. ఎలా ఉన్నావ్?"

"బాలేను ఆరిన్. అస్సలు బాలేను."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట వినలేదతను. "సర్లే, కాఫీ పెడతా" అని లేచాడు.

ఫోన్ మోగింది. ఈసారి కంపెనీ నుంచి ఎవరో ఆడమనిషి, ఎంతో ఆప్యాయమైన గొంతు.

"నమస్తే వెర్నాగారూ, ఎలా ఉన్నారమ్మా?"

"పర్లేదమ్మా, బానే ఉన్నా. నువ్వెలా ఉన్నావు?"

పొయ్యి దగ్గర ఆరిన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.  కాదు, బాలేను అని చెప్పాలని వెర్నా నోరు తెరిచింది. ఊపిరి అందలేదు, కళ్లు బైర్లు కమ్మాయి. ఒక్క మాట రాలేదు.

"చాలా సంతోషమమ్మా," అంది అవతలి మనిషి, టకటకా టైపు చేసుకుంటూ.