కాల్ సైన్ అడగని రోజు

1979 మార్చిలో కువైట్‌లోని ఒక అమెరికన్ కాంట్రాక్టు కంపెనీలో బేస్ రేడియో ఆపరేటరుగా చేరాను. అంతకుముందు తొమ్మిదేళ్లు విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశాను. కంపెనీ పని మంచినీళ్ల పైపులైన్లు వేయడం. ఫింటాస్ దగ్గర క్యాంపులో ఒక రేకుల క్యాబిన్ నాకిచ్చారు. ఎడమ పక్క టెలిఫోన్ బోర్డు, కుడి పక్క రేడియో సెట్టు, మధ్యలో నేనూ ఒక ఏసీ. ఆ ఏసీ చేసే చప్పుడు చల్లదనం కంటే ఎక్కువ.

మా పని పద్ధతి కాస్త చెప్పాలి. సైటులో ప్రతి బండికీ ఒక సెట్టు, ప్రతి సెట్టుకూ ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరునే కాల్ సైన్ అంటారు. మాట్లాడేవాడు ముందు తన నంబరు చెప్పాలి. చెప్పకపోతే ఆపరేటరు అడగాలి. అడిగాక లాగ్ బుక్కులో టైము, కాల్ సైన్, కబురు రాసి పొట్టి సంతకం పెట్టాలి. ఏదైనా తప్పు రాస్తే చెరపకూడదు, కొట్టేసినట్టు గీకకూడదు. ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. కింద ఉన్న తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలన్నది నియమం.

నా పైఅధికారి హెరాల్డ్ గారు బోస్టన్ మనిషి. 'కార్' అనమంటే 'కా' అని ఊరుకునేవారు. అమెరికావాళ్లందరి ఇంగ్లీషూ ఒకటే అనుకుని వెళ్లిన నాకు, మనకు కడప, గోదావరి, తెలంగాణ ఉన్నట్టే వాళ్లకూ ఉన్నాయని ఆయనే చూపించారు. దక్షిణాదివాళ్లు 'లైన్'ను 'లాన్' అంటారు, 'నైన్'ను 'నాన్' అంటారు. 'పెన్' అన్నారో 'పిన్' అన్నారో చేతిలోది చూసి తెలుసుకోవాలి. షికాగోవాళ్ల నోట 'బాక్స్' వెళ్లి 'బ్యాక్స్' పక్కన కూర్చుంటుంది. ఎవరైనా కొత్తవాళ్లు ఫోన్ చేస్తే హెరాల్డ్ గారు కళ్లెగరేసేవారు. నేను రాష్ట్రం పేరు చెప్పాలి. సరిపోతే నాకు పెప్సీ. ఏడాది తిరిగేసరికి పెప్సీ తాగీ తాగీ నా పళ్లు పాడయ్యాయి. కొత్తగా దిగిన ఇంజనీర్లను నా క్యాబిన్‌కు తీసుకొచ్చి మాట్లాడించి, ఎక్కడివాళ్లో నాతో చెప్పించుకుని నవ్వుకునేవారు. నాకు తలకెక్కింది. ఎక్కలేదని ఇప్పుడు అబద్ధం ఎందుకు?

నా సంగతి కూడా చెప్పాలి. మాది ప్రొద్దుటూరు. పూర్తి పేరు ఓబులేశ్వర ప్రసాద్. విజయవాడ ఎక్స్ఛేంజీలో చేరిన కొత్తలో నేను నోరు విప్పితే చాలు పక్క బోర్డులవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. దాంతో పట్టుబట్టి యాసంతా వదిలించుకున్నాను. కువైట్‌కు వచ్చేసరికి ఓబులేశును కూడా వదిలేసి, ఉత్త ప్రసాద్ అయిపోయాను. ఎవరడిగినా విజయవాడ అనేవాణ్ణి.

సైటులో పైపులకు ప్రెషరు పరీక్ష జరిగేది. లైనులో నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, ఒక రోజంతా అలాగే ఉంచుతారు. ఆ తర్వాత ఒత్తిడి వదిలేసి, గేజి సున్నాకు వచ్చిందని చూసి, 'లైను క్లియర్' అని రేడియోలో చెబుతారు. అప్పుడే చివర బిగించిన ఇనుప మూత విప్పాలి. ఆ మాట చెప్పే అధికారం ఇద్దరికే ఉండేది. ఒకరు ఫోర్‌మన్ క్లైడ్, కాల్ సైన్ ఏడు. రెండోవారు టెస్ట్ ఇంజనీరు వారెన్ గారు, కాల్ సైన్ మూడు.

క్లైడ్‌ది అలబామా. నోరు తెరిస్తే 'యల్లా యల్లా', కానివ్వండి కానివ్వండి, అని అరుపులే. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, 'ఏయ్ స్విచ్‌బోర్డ్' అనేవాడు. ఒకసారి ఫోను కలపడం ఆలస్యమైందని నా తల్లిని కూడా తిట్టాడు. వారెన్ గారు అలా కాదు. పొద్దున్నే తలుపు తోసి 'గుడ్ మార్నింగ్ ప్రసాద్' అనేవారు. సెలవుకు వెళ్లొచ్చినప్పుడు నాకో పెన్ను తెచ్చారు. ఆయన ఇంగ్లీషు వార్తలు చదివినట్టుండేది. ఏ ఊరిదో హెరాల్డ్ గారికే అంతుబట్టలేదు. 'ఈయన ఏ రాష్ట్రంలోనూ పుట్టలేదు, రేడియోలో పుట్టాడు' అని నవ్వేవారు.

1981 జూలైలో తొమ్మిదో లైను పరీక్ష జరిగింది. ఆ వారంలో ఎవరికీ సరైన నిద్ర లేదు. మధ్యాహ్నం మూడింటికి ప్రభుత్వ ఇన్స్పెక్టరు వస్తాడని అందరికీ కాళ్ల కింద నిప్పులు పోసినట్టుంది. ఒంటిగంటా నలభైకి సెట్టులో ఒక గొంతు వచ్చింది. "బేస్, లాన్ నాన్ క్లియర్, మూత తీయమను" అని, టక్కున ఆగిపోయింది. నంబరు చెప్పలేదు.

నేను అడగలేదు. 'లాన్ నాన్' అనే నోరు సైటులో ఒక్కటే ఉందని నాకు తెలుసనుకున్నాను. కాల్ సైన్ గడిలో ఏడు వేశాను. మూత దగ్గర గ్యాంగు బండిలో మస్తాన్ అని రాయచోటి మనిషి కూర్చుని ఉన్నాడు. అతని తమ్ముడు ఖాదర్ వలీ కూడా అదే గ్యాంగులో ఫిట్టరు. నేను మస్తాన్‌కు, "తొమ్మిది ఖాళీ అయింది, మూత విప్పండి" అని తెలుగులోనే చెప్పాను. మస్తాన్ తలుపులోంచి వంగి తమ్ముడికి చెప్పాడు.

పది నిమిషాలకు సెట్టు అరిచింది. "అన్నా! ఎవరన్నా ఉండారా అన్నా! మా వలీ పడిపాయ! మూత ఎగిరొచ్చి గుండెకు తగిలె! బండి పంపండన్నా!"

నేను లేచి నిలబడ్డాను. "యాడుండారబ్బీ? గుంతకాడనేనా? కదిలియ్యాకు వాన్ని, ఇప్పుడే పంపిస్తాండా, కదిలియ్యాకు!"

అంబులెన్స్ పంపి, ఆస్పత్రికి ఫోన్ చేసి వెనక్కి తిరిగితే హెరాల్డ్ గారు నన్నే చూస్తున్నారు. ఆయనకు తెలుగు ముక్క రాదు. అయినా, "ఇది నువ్వు రోజూ మాట్లాడే తెలుగు కాదు" అన్నారు. ఆయన చెప్పాకే నాకు తెలిసింది, పదేళ్లకు పైగా కష్టపడి పూడ్చిపెట్టిన ప్రొద్దుటూరు నా నోట్లోంచి బయటికి వచ్చిందని. ఆ క్షణంలో దాని అర్థం గురించి ఆలోచించే ఓపిక లేదు. వలీ దారిలోనే పోయాడు. ఇరవై ఆరేళ్లవాడు.

నాలుగో రోజు ముగ్గురు అధికారులతో విచారణ కమిటీ కూర్చుంది. ఒత్తిడి వదలకుండానే ఎవరో క్లియర్ చెప్పారన్నది తేలింది. బహుశా పక్క లైను గేజి చూసి ఉంటారు. చెప్పిందెవరన్నదే ప్రశ్న. వారెన్ గారు తాను రేడియోలో మాట్లాడలేదన్నారు. క్లైడ్ కూడా అదే అన్నాడు. ఆ సమయానికి తాను సైటుకు దూరంగా అమ్ఘరా మార్కెట్టులో చెక్క దిమ్మెలు కొంటున్నానని ఒక రసీదు చూపించాడు. రసీదు మీద తేదీ ఉంది కానీ టైము లేదు.

నన్ను పిలిచారు. నంబరు చెప్పాడా అని అడిగితే చెప్పలేదన్నాను. మరి ఏడు ఎలా వేశావన్నారు. యాస బట్టి అన్నాను. కమిటీ పెద్ద కుర్చీలో వెనక్కి వాలి, అయితే మేం ముగ్గురం ఎక్కడివాళ్లమో చెప్పు అన్నాడు. తలా రెండు వాక్యాలు మాట్లాడారు. మూడు రాష్ట్రాలూ చెప్పాను. మూడూ సరిపోయాయి. ఒకాయన తల ఊపి ఏదో రాసుకున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మనిషి చచ్చిన నాలుగో రోజున కూడా నాకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అన్నారా!

క్లైడ్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ వారంలోనే దేశం విడిచి వెళ్లమన్నారు. వెళ్లే రోజు నా క్యాబిన్‌కు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. అరవలేదు. మొదటిసారి నన్ను ప్రసాద్ అని పిలిచాడు. "మా వైపు ఇలా మాట్లాడేవాళ్లు లక్షల మంది ఉన్నారు ప్రసాద్. నువ్వు విన్నది వాళ్లలో ఎవర్నో నాకు తెలియదు. నన్ను మాత్రం కాదు" అన్నాడు. తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు. దొంగ ఏడుపు అనుకున్నాను నేను.

అప్పటికే వలీ శవం ఇండియాకు వెళ్లింది. ఎవరు చెప్పారన్నా ఆ మాట, అని మస్తాన్ నా దగ్గరికి వచ్చి అడిగితే, క్లైడ్ అని చెప్పాను.

మరుసటి ఫిబ్రవరిలో అమెరికా నుంచి వారెన్ గారికి ట్రంక్ కాల్ వచ్చింది. విదేశీ కాల్ కలిపినప్పుడు రెండు వైపులా మాట వినపడుతోందని రూఢి చేసుకునేదాకా ఆపరేటరు లైనులో ఉండాలి. అటువైపు ఆయన అక్క. ఏడుస్తూ, అమ్మ పోయిందని చెప్పింది. వారెన్ గారు "వాట్ టామ్?" అన్నారు. ఎన్ని గంటలకు పోయిందని అడిగారు. 'టైమ్' కాదు, 'టామ్'. ఆమె తొమ్మిదింటికి అని చెప్పింది. "నాన్?" అన్నారాయన. ఆ సాగదీత, ఆ బరువు, ఆ ఆగడం, జూలైలో నేను విన్న గొంతు అదే. నేను లైను వదిలేసి బోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

ఎంత తెలివితక్కువ వెధవనంటే, భయం పుట్టగానే నా నోట ప్రొద్దుటూరు పలికింది, అది విని కూడా, రెండు రోజులు నిద్రలేని ఇంకో మనిషి నోట అతని ఊరు పలకొచ్చని నాకు తట్టలేదు. నేను దాచుకున్నట్టే ఆయనా దాచుకున్నాడు. దాచుకున్నవాణ్ణి పట్టుకోవాల్సింది దాచుకున్న నేనే కదా!

సాయంత్రం హెరాల్డ్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు సిగరెట్టు కాల్చారు. చివరికి, "కమిటీకి ఏం చెబుతావు? అప్పుడూ చెవులే సాక్ష్యం, ఇప్పుడూ చెవులే సాక్ష్యం. ఏ రోజు నీ చెవులు సరైనవని అడుగుతారు" అన్నారు. నేను కమిటీ దగ్గరికి వెళ్లలేదు. ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, కంపెనీ చేతిలో ఉంది, ఇంటి దగ్గర నలుగురు నా జీతం మీద ఉన్నారు. ఇవి కారణాలే కానీ సమర్థింపులు కావు. వారెన్ గారు కావాలని అబద్ధం చెప్పారా, నిద్రలేమిలో తానేం అన్నదీ ఆయనకే గుర్తు లేదా అన్నది కూడా నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. వేసవిలో ఆయన వేరే దేశానికి బదిలీ అయ్యారు.

నేను చేసింది ఒక్కటే. స్టోరులోంచి పాత లాగ్ బుక్కు తీయించి, ఒంటిగంటా నలభై వరసలో ఏడు మీద ఒక్క గీత గీశాను. పక్కన 'తెలియదు' అని ఇంగ్లీషులో రాసి, దిద్దిన రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. పర్సనెల్ ఆఫీసులో అడిగి క్లైడ్ చిరునామా తీసుకున్నాను కానీ, దానికి రాసిన ఉత్తరం తిరిగొచ్చింది.

1986లో నేను ఉద్యోగం మాని వచ్చేసే ముందు ఒక శుక్రవారం మస్తాన్ నన్ను చూడటానికి వచ్చాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మారి, రుమైథియాలో ఒకరింట్లో డ్రైవరుగా ఉంటున్నాడు. జుమ్మా నమాజు నుంచి నేరుగా వచ్చాడు. టీ తాగుతూ, "పోతాండావు కదన్నా, నీకొక మాట చెప్తా. ఈ ఐదేండ్లు ప్రతి నమాజు కాడ ఆ క్లైడుగానికి బద్దువా పెడ్తానే ఉండా. వాడు బాగుపడడులే" అన్నాడు.

అప్పుడు చెప్పాను. గొంతు సంగతి, నంబరు అడగకపోవడం, ట్రంక్ కాల్, లాగ్ బుక్కులో గీత, అన్నీ. వారెన్ పేరు కూడా చెప్పాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు. మస్తాన్ గ్లాసు కింద పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అంటే వలీకి మూత తీయమని చెప్పింది నువ్వు, నేను" అన్నాడు. "మరి ఇన్నేండ్లు నేను ఎవురికి శాపం పెట్టినట్టన్నా?" అని అడిగాడు. లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. యాస మనిషి పుట్టిన చోటు చెబుతుంది. ఆ చోట పుట్టినవాళ్లలో ఎవరన్నది చెప్పదు. అది తెలుసుకోవడానికి కాల్ సైన్ ఉంది. అడగడానికి మూడు సెకన్లు పడుతుంది. నేను అడగలేదు.