కొండబాబు పేరుతో ఆడినవాడు

కరోనా తగ్గాక రెండో వేసవిలో నన్ను విజయనగరం జిల్లా పేజీలకు క్రీడా విలేకరిగా వేశారు. అంతకుముందు పదకొండేళ్లు చీపురుపల్లిలో కంట్రిబ్యూటర్‌ని. పత్రికలో కంట్రిబ్యూటర్ అంటే అందరికన్నా కింది మెట్టు. కుర్చీ ఉండదు, బల్ల ఉండదు, గుర్తింపు కార్డు మాత్రం మెడలో ఉంటుంది. అక్కణ్ణుంచి స్టాఫ్ రిపోర్టరు కావడం నాకు పెద్ద ఎదుగుదలే. కానీ వేసిన వేళ మంచిది కాదు. వేసవిలో స్కూలు పోటీలు ఉండవు, కాలేజీ పోటీలు ఉండవు, కబడ్డీ లీగు అయిపోయి ఉంటుంది. అరపేజీ ఆటల వార్తలు మాత్రం రోజూ నిండాలి.

ఆ ఖాళీ కాలంలో పేజీని బతికించేది ఒక్కటే, వచ్చే సీజను కబుర్లు. మా జిల్లా నుంచీ పక్క జిల్లా నుంచీ అప్పట్లో నలుగురైదుగురు కుర్రాళ్లు ప్రొఫెషనల్ కబడ్డీ టీముల్లో ఉండేవారు. ఏ టీము ఎవణ్ణి అట్టిపెట్టుకుంటుంది, ఎవణ్ణి వదిలేస్తుంది, వదిలేసినవాణ్ణి వేలంలో ఎవరు పాడతారు. వేలానికి ముందు ప్రతి టీమూ అట్టిపెట్టుకునేవాళ్ల జాబితా ఇస్తుంది. అది వచ్చేదాకా మేం రాసేదంతా ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’. ఆ వర్గాలెవరో ఇప్పుడు చెప్పేస్తాను. కోట దగ్గర టీ బడ్డీలో కూర్చునే ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఆయనతో రోజూ పందెం వేసే ఒక ఆటో డ్రైవరు, నేను. వాళ్లిద్దరూ రాని రోజుల్లో మూడు వర్గాలూ నేనే.

కోతలు కొయ్యడం నాకు పుట్టుకతో వచ్చింది. అందులో నాకో పద్ధతి ఉండేది. తొమ్మిది అబద్ధాల మధ్య ఒక నిజం, అదీ ఎవరికీ తట్టని చిన్న నిజం పెట్టాలి. అప్పుడు మిగతా తొమ్మిదీ నిలబడతాయి. దీన్ని నేను పనితనం అనుకునేవాణ్ణి.

వేసవిలో మా ఊళ్లల్లో ఓపెన్ టోర్నమెంట్లు నడుస్తాయి. ఏ ఊరి జట్టయినా రావచ్చు. లీగు ఆటగాళ్లు సెలవులకి ఇళ్లకొచ్చి ఉంటారు గనక సొంతూరి జట్టు వాళ్లని వదలదు. ఒప్పందం ప్రకారం మాత్రం లీగు ఆటగాడు బయట ఎక్కడా ఆడకూడదు. దానికి ఇక్కడి వాళ్లు కనిపెట్టుకున్న ఏర్పాటేమిటంటే, స్కోరు షీటులో వేరే పేరు రాస్తారు. అంపైరుకి తెలుసు, స్కోరరుకి తెలుసు. చుట్టూ నిలబడ్డ జనం అసలు పేరు పెట్టే కేకలేస్తారు. పత్రిక మాత్రం స్కోరు షీటులో ఉన్న పేరే వేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నా ముందున్న విలేకరులు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను.

సింహాచలం చీపురుపల్లి పక్క ఊరివాడు. పడమటివైపు ఒక పెద్ద నగరం టీములో లెఫ్ట్ రైడరు. కూత పెట్టి అవతలి కోర్టులోకి వెళ్లి తాకి వచ్చేవాణ్ణి రైడరంటారు. అతనికి ఇరవయ్యేడేళ్లు. సీజను చివర్లో మోకాలి లిగమెంటు తెగితే టీమే ఆపరేషను చేయించింది. ఫిజియో ఒక చార్టు రాసిచ్చి ఇంటికి పంపాడు. రోజూ ఏ వ్యాయామం ఎన్నిసార్లు, వారానికోసారి వీడియో తీసి పంపడం, ఆగస్టు దాకా మ్యాటు మీద అడుగు పెట్టకపోవడం. అతని ఒప్పందం ఆ ఏడాదితో ముగిసిపోతోంది. జాబితాలో ఉంటే ఇంకో రెండు సీజన్లు. లేకపోతే, బాగుచేసిన మోకాలితో ఇరవయ్యెనిమిదో ఏట వేలంలో నిలబడాలి. టీ బడ్డీలో ఆ నెలంతా దీని గురించే వాదన. ఉంచుతారని మాస్టారు, తీసేస్తారని ఆటో డ్రైవరు.

మే నెలాఖర్న నరసన్నపేటలో ఓపెన్ పెట్టారు. సింహాచలం ఊరి జట్టు మొదటిసారి సెమీస్‌కొచ్చింది. జట్టుని నడిపేది అతని మేనమామ అప్పన్న, పక్కా మొండిమనిషి. మేనల్లుణ్ణి ఒక్క మ్యాచికి దిగమన్నాడు. సింహాచలం కాదనలేదు. మొహమాటం ఒక్కటే కారణం కాదని తర్వాత అతనే నాతో చెప్పాడు. అయిదు నెలలుగా కాలు తట్టుకుంటుందో లేదో తెలియకుండా బతుకుతున్నాడట. మళ్లీ పోతే కెమెరాల ముందు కాకుండా, ఎత్తుకుని ఇంటికి మోసుకెళ్లేవాళ్ల మధ్య పోవాలనుకున్నాడట.

కాలు తట్టుకుంది. పదమూడు రైడ్లకు వెళ్లి పదకొండుసార్లు పాయింటుతో తిరిగొచ్చాడు. స్కోరు షీటులో పేరు కొండబాబు.

అక్కడితో నాలుగు లైన్లు రాసి ఊరుకుంటే సరిపోయేది. ఆ రోజు పేజీలో పెద్ద ఖాళీ ఉంది, డెస్కు వాళ్లు బాక్సు ఐటం అడిగారు. బాక్సు అంటే చుట్టూ గీత గీసి ప్రత్యేకంగా వేసే ముక్క. నేను కొండబాబుని పుట్టించాను. సాలూరు కొండల్లో పెరిగాడని రాశాను. రాగుల చోడంబలి తప్ప ఇంకోటి ముట్టడన్నాను. చీపురుపల్లి స్టేషన్లో పాసింజరు కదులుతుండగా కూత మొదలెడితే, బండి సిగడాం స్టేషను చేరేదాకా ఊపిరి తియ్యలేదన్నాను. పనస చెట్టు మీది ఎలుగుబంటిని తాకి గీత దాకా పరిగెత్తుకొచ్చాడని, అవుటయ్యానని ఎలుగే ఒప్పుకుందని రాశాను. తొమ్మిది అబద్ధాలూ అయ్యాక, అలవాటు ప్రకారం ఒక నిజం పెట్టాను. కొండబాబు రైడుకి బయల్దేరే ముందు వంగి మధ్య గీతని ఎడంచేత్తో ముట్టుకుంటాడు. ఎడమ మూలకి వెళ్లదలుచుకుంటే ఆ చేతినే చెవి తమ్మెకి రాసుకుంటాడు, కుడి మూలకైతే రాసుకోడు.

అది నేను మూడేళ్లుగా టీవీలో సింహాచలం ఆట చూసి పట్టుకున్న సంగతి. అంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ముక్క బాగా పేలింది. జనం ఫోన్లలో పంపుకున్నారు, ఎవరీ కొండబాబు అని టీ బడ్డీలో నన్నే అడిగారు. నేను మీసం దువ్వుకున్నాను. నాలుగో రోజున అది సింహాచలం టీము సహాయ కోచ్ ఫోనుకి చేరింది. ఆయన కడప వైపు మనిషి, తెలుగు చదువుతాడు. ఎలుగుబంటి దగ్గర నవ్వుకుని ఉంటాడు, చెవి దగ్గర ఆగిపోయాడు. ఎందుకంటే ఆయనా ఆ సంగతి కనిపెట్టి తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. సింహాచలానికి మాత్రం చెప్పలేదు. చెబితే, మానుకోవాలనే ధ్యాసలో పడి రైడు చెడగొట్టుకుంటాడని ఆయన లెక్క.

టీము నుంచి సింహాచలానికి ఫోనొచ్చింది. ఫలానా రోజు నరసన్నపేటలో ఉన్నావా అని అడిగారు. లేనన్నాడు. అప్పన్న తిన్నగా విజయనగరం మా ఆఫీసుకొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా ఎదురుగా కూర్చుని పేపరు మడత విప్పి ఆ బాక్సు మీద వేలు పెట్టాడు.

“ఇంతమందిమి నోరు మూసుకున్నాం బావా. ఊరు ఊరంతా మూసుకున్నాది. నీకొక్కడికే ఏటొచ్చింది?”

అతనే ఉపాయం కూడా చెప్పాడు. “ఇన్ని అబద్ధాలు రాసినోడివి, ఇంకోటి రాసీలేవేటి?”

రాశాను. పత్రికలో ఖండన వేస్తే పుండు కెలికినట్టవుతుందని, నా పేరుతో టీము మేనేజరుకి ఈమెయిల్లో ఉత్తరం పంపాను. కొండబాబు వేరే మనిషని, చెవి సంగతి సింహాచలాన్ని టీవీలో చూసి కొండబాబుకి తగిలించానని రాశాను. మేనేజరు మర్నాడే ఫోను చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. అంతటి రైడరుంటే తామే పిలిపించి చూస్తామని, రెండు రోజుల్లో అతను ఆడే వీడియో పంపమని అన్నాడు. అది నమ్మి అడిగిందో, వల వేసి అడిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు.

అలా కొండబాబుకి మనిషి కావలసి వచ్చాడు. సింహాచలం చిన్నాన్న కొడుకు కూర్మారావు అదే పొడుగు, అదే నలుపు. రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. మర్నాడు పొద్దున్నే ఊరి హైస్కూలు మైదానంలో సున్నంతో గీతలు కొట్టారు. మొహం స్పష్టంగా పడకుండా ఎండకెదురుగా నిలబడి నేను ఫోనులో తీశాను. నా ఉద్యోగంలో నేను తీసిన ఒకే ఒక్క వీడియో అది.

కూర్మారావు గీత ముట్టుకున్నాడు, చెవి రాసుకున్నాడు. అంతవరకూ అచ్చు అన్నని పోతపోసినట్టున్నాడు. లోపలికి రెండడుగులు వెయ్యగానే అడ్డంగా దొరికిపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి పట్టుకునేవాళ్లకి అప్పన్న సైగ చేశాడు. వాళ్లు చేతులు చాపి, కూర్మారావు వెళ్లిపోయాక మూశారు. కబడ్డీ చూసినవాడెవడికైనా అది పెళ్లిలో దారి ఇచ్చినట్టు కనిపిస్తుంది. నాలుగోసారి, అయిదోసారి. కూర్మారావు కడుపు పట్టుకుని కూలబడ్డాడు. బస్తాలు మోసేటప్పుడు ఇంత ఆయాసం రాదన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సింహాచలం అంతసేపూ మైదానం పక్క మెట్ల మీద మోకాలికి తొడుగేసుకుని కూర్చున్నాడు. లేచి నా దగ్గరకొచ్చి, తీసిందంతా ఒకసారి చూసి ఫోను నా చేతికిచ్చేశాడు.

“ఒగ్గీ మావా, సాలు,” అన్నాడు అప్పన్నతో. “ఆడు ఎన్నిసార్లు దూకినా నాను అవ్వడు.”

అప్పన్న ఇంకో కుర్రాణ్ణి తెస్తానన్నాడు, నరసన్నపేటలో ఒకడున్నాడన్నాడు. సింహాచలం వినిపించుకోకుండా తన ఫోను తీసి మా అందరి ముందే మేనేజరుకి నంబరు కలిపాడు. వచ్చీరాని హిందీలో, ఆడింది తనేనని, కాలు బాగానే ఉందని, కావాలంటే అక్కడికొచ్చి పరిగెత్తి చూపిస్తానని చెప్పాడు. అవతలివాళ్లు చెప్పినదానికి రెండుసార్లు ఊఁ కొట్టి పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“రాసింది సరిగ్గానే రాసినావన్నా. సెవి ముట్టుకుంతన్నానని నాకే తెల్దు.”

తిట్టినా బాగుండేది.

పన్నెండు రోజులకి జాబితా వచ్చింది. అట్టిపెట్టుకున్నవాళ్లలో అతని పేరు లేదు. కారణం రాయరు, రాసే పద్ధతి లేదు. ఫిజియో చార్టు దాటినవాడని మాత్రం టీముల మధ్య నోటిమాటగా తిరిగింది. వేలానికి ముందు ఒక కొత్త టీము విశాఖపట్నంలో ఎంపిక శిబిరం పెడితే సింహాచలం వెళ్లాడు. నన్ను డెస్కు పంపింది. విలేకరుల కుర్చీలు కోర్టుకి బాగా దగ్గర్లో వేశారు.

మొదటి రైడుకి గీత దగ్గరకొచ్చాడు. ఎడంచెయ్యి కిందికి దిగి సగంలో ఆగింది. ఆ చేతిని అతను చూశాడు. వెనక్కి తీసుకుని తొడకి అదిమిపెట్టి లోపలికి వెళ్లాడు. అప్పటికి ఒక క్షణం దాటిపోయింది, అవతలివాళ్లు సర్దుకుని ఉన్నారు. పట్టుకున్నారు. రెండోసారి ముట్టుకున్నాడు, చెవి దాకా వెళ్లిన చెయ్యి మళ్లీ ఆగింది. మూడోసారి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని వెళ్లాడు. కాలు గట్టిగానే ఉంది. నడకలో కుంటు లేదు, మలుపులో తడబాటు లేదు. మూడు రైడ్లకీ ఒక్క పాయింటు రాలేదు. ఎంపిక చేసేవాళ్లలో ఒకాయన చీటీలో అతని పేరు కొట్టేస్తుండగా చూశాను.

వేలంలో అతని కోసం ఎవరూ చెయ్యెత్తలేదు. ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీలో ఉన్నాడు. వేసవిలో ఓపెన్లకు వస్తాడు, స్కోరు షీటులో సొంత పేరే రాయించుకుంటాడు. దాచాల్సిన అవసరం లేదు గదా. అప్పన్న నాతో మాట్లాడతాడు, బావా అనడం మానేశాడు.

మా జిల్లా పేజీల్ని పక్క జిల్లాతో కలిపేసిన ఏడాది నేను ముందస్తుగా విరమణ తీసుకున్నాను. ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇది. విలేకరి రాసిన అబద్ధానికి ఖండన వెయ్యొచ్చు. రెండు రోజుల్లో జనం మర్చిపోతారు, ఎలుగుబంటి సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. అనవసరంగా రాసిన నిజానికి ఖండన లేదు. ఆ కోచ్ చూసిందీ నేను చూసిందీ ఒకటే. ఆటగాడు ఆడుతున్నంతకాలం అది చెప్పకూడదని ఆయనకి తెలుసు. నాకు తెలియలేదు, ఎందుకంటే ఆ రోజు నేను చూస్తున్నది ఆటగాణ్ణి కాదు, పేజీలో ఖాళీని.