పగతో ఒలిచిన శనక్కాయలు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. పోయిన నెల ధర్మవరంలో మా ఇంటికి, ఒకప్పటి మా వీధి భజన పంతులు మనవరాలు ఆయన హార్మోనియం పెట్టె మోసుకొచ్చి, "మా తాత దీన్ని చచ్చేదాకా మళ్లీ ఎందుకు తెరవలేదవ్వా?" అని అడిగింది. నాకేం తెలుసు తల్లీ అన్నాను. తెలుసు. మీకు చెప్తాను.

నాకు పదిహేనేళ్లప్పుడు, డెబ్బైల నాటి కరువులో, వాన కోసం వీధంతా కూర్చుని భజన చేస్తుంటే, చరణం చివర నేను నా ఇష్టంగా చిన్న మెలిక వేసినందుకు, ఆ పంతులు హార్మోనియం టపీమని మూసి, "ఏమే, నేర్పించింది పాడేకి కాదా నిన్ను పిలిచింది? పగిలిన కుండ మాదిరి ఉండాది గొంతు. పో, మగ్గం గుంతలో కూర్చో పో" అన్నాడు. వీధి నవ్వింది. మా నాయన తల వంచుకున్నాడు. ఆ పెట్టెను ఆయన చేతనే, అదే జనం ముందర, మళ్లీ మూయించాలని ఆ రోజే అనుకున్నాను.

రెండేళ్లకు మా మేనమామ బెంగళూరు నుంచి తిరిగొచ్చాడు. అక్కడ ఒక క్లబ్బులో గోవావాళ్ల బ్యాండులో వాయిస్తూ, బ్రెజిల్ దేశపు సాంబా దరువు మీద జాజ్ పాటగాళ్ల మాదిరి, మాటల్లేకుండా అప్పటికప్పుడు గొంతుతో అల్లుకుంటూ పోవడం నేర్చుకున్నాడట. నూనెడబ్బాలో ఉలవలు పోసి మా వదిన చేత గలగలమనిపించి, తాను డప్పు మీద మొదటి దెబ్బ తేలిగ్గా, రెండోది బరువుగా వేస్తూ, మగ్గాలు ఆగిన మధ్యాహ్నాలు మా ఆడవాళ్లు నలుగురికి నేర్పాడు. ఆయన నియమం ఒక్కటే. ఒకసారి పాడింది అచ్చం అట్లాగే మళ్లీ పాడినవాళ్లు ఒక చేట విత్తనపు శనక్కాయలు ఒలవాలి. ఒలిచి ఒలిచి, ఎప్పుడు దూకాలో, ఎప్పుడు ఊరుకోవాలో, పక్కామె వదిలిన చోట ఎట్లా అందుకోవాలో మా గొంతులకే తెలిసిపోయింది. వీధి జనం మా గడపలో చేరి, ఎవరు తడబడినా "చేట తెండప్పా!" అని అరిచేవాళ్లు.

గోడకవతల పంతులు ఇల్లు. బయట మా పాటను కుక్కల అరుపులని తిట్టే ఆయన, లోపల గోడ పక్కన పుస్తకం పెట్టుకుని స్వరాలు రాసుకుంటుంటే మా వదిన చూసింది. శ్రీరామనవమి పందిట్లో ఆ కొత్త పాట తానే పాడతానని పెద్దలకు చెప్పాడు కూడా. చేట సంగతి ఆడవాళ్ల వేళాకోళమనుకుని పట్టించుకోలేదు. వదిన కొట్లాటకు పోబోతే నేనే ఆపాను.

మరునాటి నుంచి నవమి దాకా, నెల రోజులు, ఒకే పాట, ఒక్క మెలిక మారకుండా, ఆ గోడ దగ్గరే కూర్చుని పాడాను. రోజుకొక చేట ఒలిచాను. వేళ్ల కొసలు పగిలాయి. "మతి పోయిందా పాపా? నేర్పిందంతా యాడ పోయె?" అని మామ నెత్తి కొట్టుకున్నా, గోడవతలి పుస్తకంలోకి ఆ ఒక్క పాటే ఎక్కాలని పాడుతూనే ఉన్నాను.

నవమి పందిట్లో, పెద్దల మాట మీద, మామ డప్పు, వదిన డబ్బా, పంతులు హార్మోనియం. మొదటిసారి పంతులు బ్రహ్మాండంగా పాడాడు, నా పాటనే, పొల్లుపోకుండా. మామ దరువు ఆపలేదు. పంతులు మళ్లీ అదే పాడాడు. అప్పుడు నేను ఆడవాళ్ల వైపు నుంచి లేచి అందుకుని, పైకెత్తి, తిప్పి, సగంలో ఆయనకు వదిలేసి ఊరుకున్నాను. దరువు ఆయన కోసం కాచుకుంది. ఆయన వేళ్లు మెట్ల మీద వెతికి వెతికి, మళ్లీ అదే పాట దగ్గరికి వచ్చాయి. వెనక నుంచి ఒక ముసలామె, "ఏమప్పా పంతులూ, మూడుసార్లాయె! చేట తెండప్పా ఈయప్పకు!" అంది. పందిరి పందిరంతా నవ్వింది. నిజంగానే ఒక చేట చేతులు మారుతూ వచ్చి ఆయన ముందర ఆగింది. ఆయన హార్మోనియం మూశాడు. మెల్లగా మూశాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ తీపే. పాపమని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఫోను నొక్కితే పాట వస్తుంది, వందసార్లు నొక్కినా అదే వస్తుంది, చేట తెమ్మనేవాళ్లు లేరు. మామ పోయాడు, వదిన పోయింది, కోపగించుకుందామంటే పంతులు కూడా మిగల్లేదు. ఆయన మనవరాలు పాట నేర్పమంటే సరేనన్నాను. ఆ ఇంటి బిడ్డ మా గడపలో కూర్చుని ఇప్పటికి ఏడు చేటలు ఒలిచింది. నా కడుపు చల్లగా ఉంది.

మీ ఇంట పాడే గొంతును ఎవరూ మూయకుండా, మీ చేటలో గింజలు తరగకుండా, పిల్లాపాపలతో నిండుగా ఉండండి తల్లీ.