ఈరవ్వ నలభై మూడు పందులు

పొద్దున ఎనిమిదింటికి ఈరవ్వ ఖాళీ డ్రమ్మును కర్రతో దబదబా బాదింది. ఆ చప్పుడు వింటే చెరుకు తోటల్లో ఎంత లోపలున్నా ఆమె పందులు మేత కోసం ఉరికి వస్తాయని డాక్టర్ ధనుంజయ్ నాకు ముందే చెప్పాడు. ఇద్దరం టీకా పెట్టె పట్టుకుని రేకుల దొడ్డి పక్కన నిలబడ్డాం. పెట్టెలో ఐసు, ఐసు మధ్య గాలికుంటు టీకా సీసాలు.

ఒక్క పందీ రాలేదు.

నేను బోధన్‌లో పశువైద్యశాల రికార్డులు రాసే తాత్కాలిక ఉద్యోగిని. మైక్రోబయాలజీ చదివాను. ఆ రోజు నా పని ఎన్ని పందులకు టీకా పడిందో రాయడమే. పక్క ఊళ్లో రెండు బర్రెలకు గాలికుంటు వచ్చింది. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు. దాంతో ఈ ఊరి బర్రెలవాళ్లంతా పాలకేంద్రం దగ్గర కూర్చుని గట్టిగా చెప్పేశారు: సాయంత్రంలోగా అన్ని పందులకూ టీకా వేసినట్టు డాక్టర్ కాగితం చూపించకపోతే ఈరవ్వ మందను తోలుకుని ఊరు విడిచిపోవాలి. వాళ్ల భయం ఉత్తది కాదు. ఈ రోగం సోకిన పంది ఊపిరితో బయటికి పంపే వైరస్, బర్రె పంపేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ సంగతి ఈరవ్వకు మాకన్నా బాగా తెలుసు. భర్త చనిపోయిన ఏడాది రెండు ఆడపందులతో మొదలుపెట్టింది. రోజూ ట్రాలీ ఆటోలో బోధన్ ఫంక్షన్ హాళ్లు తిరిగి మిగిలిన అన్నం, కూర తెస్తుంది. ఎండిన చెరుకాకు మంట మీద దాన్ని తుకతుక ఉడికించి గానీ పందులకు పెట్టదు. నాలుగేళ్ల కిందట ఆమె మందలోకి గాలికుంటు వచ్చింది. పాలు తాగుతూ తాగుతూనే పద్నాలుగు పిల్లలు పడి చచ్చిపోయాయట. అప్పటినుంచి టీకా కోసం ఆమే ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది. పోయినేడు ఒక్కోదాని మూతికి తాడు బిగించి, నలుగురు పట్టుకుని పొడవబోతే, పదకొండు పందులకు వేసేసరికి మిగతావన్నీ అడవిపట్టాయి.

"హన్మండ్లూ!" అని మరిదిని కేకేసింది ఈరవ్వ. "రాత్రి వీటికేమన్న వెట్టినవా?"

"వెట్టిన వదినె. మూడు డ్రమ్ములు కడుపునిండ వెట్టిన."

"ఓరి నీ! ఇయ్యాల ఆకలి మీద ఉండాలని చెప్పలేదా?"

"ఆ మేడమే చెప్పింది గద! సూదికి ముందు కడుపు నింపుండ్రి అన్నది."

అందరూ నావైపు చూశారు. నిజమే. ముందురోజు ఫోన్‌లో నేనే చెప్పాను. మా పాపకు టీకా వేయించిన ప్రతిసారీ అంగన్‌వాడీ టీచర్ పాలు పట్టి తీసుకురమ్మనేది. పది నెలలుగా నా బుర్రలో టీకా అంటే అదే.

"అవ్వా, తప్పు నాదే," అన్నాను.

ఈరవ్వ పకపకా నవ్వింది. "పందులకు గూడ జోలపాట పాడుతవా ఏం బిడ్డా? నీకు ఒక్క పిల్ల. నాకు నలభై మూడు. నడువుండ్రి!"

"ఎక్కడికి?"

"కడుపు నిండినంక ఎండల యాడికి వోతయి? బురదలకే."

పదకొండు గంటలకు కాలువ కింద బురద గుంటలో మంద మొత్తం కనిపించింది! నల్లటి వీపులు, ఊగే చెవులు. డాక్టర్ తల పట్టుకున్నాడు. "బురద మెడ మీద సూది వేస్తే చీము పడుతుందవ్వా."

"కడుగుతె పాయె గద!"

ఆమె చీర ఎగదోపి బకెట్‌తో గుంటలోకి దిగింది. ఒక ఆడపంది పొట్ట కింద చెయ్యి పెట్టి గోకింది. అది కళ్లు మూసుకుని మెల్లగా పక్కకు ఒరిగింది. చెవి వెనక నీళ్లు గుమ్మరించి గుడ్డతో తుడిచింది. "ఇగ వెయ్, సారూ."

డాక్టర్ సిరంజికీ సూదికీ మధ్య జానెడు సన్నటి గొట్టం బిగించాడు. పంది కదిలినా గొట్టమే సాగుతుంది, సూది విరగదు. మెడ మీది కొవ్వు దాటి మందు కండలోకే దిగాలి, అందుకే పొడుగు సూది. ఒక్క పోటు, రెండు మిల్లీలీటర్లు, అంతే. ఆ పంది తోకైనా ఆడించలేదు!

"ఒకటి!" అని నేను అరిచాను.

ఒక్కోదానికి కొత్త సూది. వేసినదాన్ని హన్మండ్లు గట్టెక్కించి, టీకా పడిన గుర్తుగా చెవికి పోగు బిగించి దొడ్డికి తోలాడు. పది, ఇరవై, ముప్పై. నా చెప్పులు బురదలో ఎప్పుడు పోయాయో తెలియదు. నలభై రెండు! ఒకటి తక్కువైంది.

"కుంటిది," అంది ఈరవ్వ, చూడకుండానే. తూము పక్క తుంగలో దూరి అది ఇంకా టీకా వయసు రాని నాలుగు పిల్లలకు పాలిస్తోంది. మమ్మల్ని చూసి కోరలు చూపింది. డాక్టర్ ఆగిపోయాడు. ఈరవ్వ మాత్రం దాని ఎదుటే నేల మీద కూర్చుని, "నా తల్లీ, పోయినసారి నీయి పది సచ్చిపోయినయి, యాదికుందా?" అంటూ పొట్ట నిమిరింది. గురగుర తగ్గింది. డాక్టర్ వంగాడు.

"నలభై మూడు!" అని అరిచాను. హన్మండ్లు తువ్వాల గాల్లో తిప్పాడు.

నాలుగింటికి కాగితం పట్టుకుని పాలకేంద్రానికి పోయాం. బర్రెలవాళ్ల తరఫున మాట్లాడే నరేందర్ నా జాబితాను వేలు పెట్టి మరీ లెక్కపెట్టాడు. "సరే అవ్వా. ఉండుండ్రి ఊళ్లెనే."

ఈరవ్వ కదల్లేదు. "ఉంట గని, నీ బర్లకు ఏపిచ్చినవా నరేందరు?"

"ఏపిచ్చిన. ఆరు బర్లకు."

"నీకు ఎనిమిది ఉన్నయి గద."

అతను జాబితా మడిచి నా చేతికిచ్చాడు. "రెండు పాలిస్తున్నయి. సూది ఏస్తె పాలు తగ్గుతయని..."

"రెండు మూడు రోజులు కొద్దిగా తగ్గొచ్చు," అన్నాడు డాక్టర్. "రోగం వస్తే మొత్తానికే పోతాయి."

"నాయి నలభై మూడు అయినయి, నీయి రెండు కాలేదా?" అంది ఈరవ్వ. పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా గొల్లున నవ్వారు.

నేను పెట్టె మూత తీసి చూశాను. విప్పిన సీసాలో ఇంకా ఏడు డోసులున్నాయి. ఈ రోజు వాడకపోతే పారబోయడమే. "ఏడు బర్రెలకు సరిపోతుంది!" అన్నాను.

డాక్టర్ అప్పటికే బర్రెల దగ్గరికి పోయేందుకు నల్లా కింద బూట్లు, చేతులు కడుక్కుంటున్నాడు. నరేందర్ తన బర్రెల కోసం ఇంటివైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. క్యూలోంచి మరో ముగ్గురు క్యాన్లు అక్కడే వదిలేసి, "మాది గూడ ఒకటి మిగిలింది సారూ, పోకుండ్రి!" అంటూ అతని వెంట ఉరికారు.